బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టుకు మ్యూజియం కట్టే పని ఇస్తారా?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. బి.ఆర్క్ నాలుగో ఏడు చదువుతున్న మీరు, అమెరికా వెళితే మ్యూజియంలు, ప్రదర్శనశాలలు, గ్రంథాలయాల వంటి ప్రజాభవనాలు డిజైన్ చేసే అవకాశం నిజంగా వస్తుందా, లేక జీవితాంతం ఎవరో గీసిన భవనానికి మెట్ల వివరాలు గీస్తూ ఉండిపోతామా అని అడిగారు. ఆ వెంటనే, ఒక దేశం చరిత్ర తెలియకుండా ఆ దేశ ప్రజల జ్ఞాపకాలకు భవనం ఎలా కడతాం అని కూడా అడిగారు. మొదటిదానికి జవాబు కాస్త త్వరగానే చెప్పగలను. రెండోది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి 2008లో అమెరికా వచ్చాను. ఇప్పుడు పనిచేస్తున్న ఆఫీసు ప్రధానంగా ప్రదర్శనశాలలు, సమావేశ కేంద్రాలు, చిన్న మ్యూజియంలు చేస్తుంది. కాబట్టి మొదటి జవాబు: వస్తుంది. కానీ ఎలా వస్తుందో తెలియకపోతే మధ్యలోనే నిరాశపడి వేరే దారి పట్టే ప్రమాదం ఉంది. నాతో వచ్చినవాళ్ళలో అలా పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ముందుగా లైసెన్సు సంగతి చెబుతాను, ఎందుకంటే నేను నాలుగైదేళ్ళు పోగొట్టుకున్నది ఇక్కడే. అమెరికాలో లైసెన్సు లేనివాళ్ళు తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోకూడదు, అది చట్టం. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. చాలా రాష్ట్రాలు అడిగేవి ఇవి: నాబ్ అనే సంస్థ గుర్తింపు ఉన్న డిగ్రీ, 3,740 గంటల నమోదైన పని అనుభవం, ఆరు భాగాల పరీక్ష. మన బి.ఆర్క్‌కు ఆ గుర్తింపు లేదు. ఇక్కడి ఎం.ఆర్క్ కోర్సుల్లో చాలావాటికి ఉంటుంది, ఎం.ఎస్. పేరుతో ఉండేవాటికి ఉండదు. ఎం.ఆర్క్ అనే పేరున్నా, ఇదివరకే ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉన్నవాళ్ళ కోసం పెట్టిన పొట్టి కోర్సులకు ఉండకపోవచ్చు. నేను చేరింది ఎం.ఎస్.లో. నాకు ప్రవేశం ఇచ్చిన విశ్వవిద్యాలయంలో ఒక్కరూ ఈ తేడా చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత నా చదువంతా సబ్జెక్టుల వారీగా మదింపు చేయించుకుని, తక్కువపడిన సబ్జెక్టులు సాయంత్రాలు ఒక కమ్యూనిటీ కాలేజీలో చదివి, అప్పుడు పరీక్షలకు కూర్చున్నాను. లైసెన్సు 2019లో వచ్చింది.

అయితే ఎం.ఎస్.లో ఒక లాభం ఉందన్నది కూడా నిజాయతీగా చెప్పాలి. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే గడువు మామూలుగా 12 నెలలు. శాస్త్ర సాంకేతిక జాబితాలో ఉన్న కోర్సులకు మరో 24 నెలలు ఇస్తారు. భవన విజ్ఞానం పేరుతో ఉన్న ఎం.ఎస్.లు ఆ జాబితాలో ఉంటాయి, ఎం.ఆర్క్ కొన్నిచోట్ల ఉండదు. వీసా లాటరీలో మొదటి ఏడాది పేరు రాకపోతే ఆ అదనపు సమయం ఎంత విలువైనదో అనుభవించినవాళ్ళకు తెలుసు. గుర్తింపూ ఉండి, ఆ జాబితాలోనూ ఉన్న ఎం.ఆర్క్ దొరికితే అదే తీసుకోండి. దరఖాస్తు పెట్టేముందు ఈ రెండు విషయాలూ విశ్వవిద్యాలయానికి రాసి, రాతపూర్వకంగానే జవాబు తెప్పించుకోండి.

ఇక ప్రజాభవనాల పని ఎలా వస్తుందో చూద్దాం. ఇల్లు కట్టించుకునేవాడు తనకు నచ్చిన మనిషిని పిలుస్తాడు. నగరపాలక సంస్థో, ప్రభుత్వమో అలా పిలవదు. ఇలాంటి భవనాలు ఇంతకుముందు ఎన్ని చేశారో చూపించమంటుంది. అంటే ఒక్క మ్యూజియం కూడా చేయని ఆఫీసుకు మొదటి మ్యూజియం దొరకడం చాలా కష్టం. ఈ చిక్కుముడి విప్పడానికి నాకు తెలిసిన దారులు రెండే. ఒకటి, అందరికీ తెరిచి ఉన్న పోటీలో గెలవడం. ఉరుగ్వేలోని మాంటెవిడియోలో పుట్టి, అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో పేరు తెచ్చుకున్న రాఫాయెల్ వినోలీ 1970ల చివర్లో అమెరికా వచ్చి, 1983లో న్యూయార్కులో ఆఫీసు తెరిచి, 1989లో టోక్యో ఇంటర్నేషనల్ ఫోరమ్ పోటీ గెలిచారు. పిట్స్‌బర్గ్, బోస్టన్ నగరాల సమావేశ కేంద్రాలు ఆ తర్వాత వచ్చినవే. అయితే ఆయన వలస వచ్చేనాటికే అర్జెంటీనాలో పెద్ద భవనాలు కట్టిన మనిషి. మనలాంటివాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేది రెండో దారి: అలాంటి పనులు చేసే ఆఫీసులో చేరి, అక్కడే నిలబడడం. ఆ దారిలో నడిచిన ఒకరి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే.

ఆయన పేరు జేమ్స్ ఇంగో ఫ్రీడ్. 1930లో జర్మనీలోని ఎసెన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1938 నవంబరులో నాజీలు యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్ళు. మరుసటి ఏడాది సోదరితో కలిసి షికాగో చేరారు. తల్లిదండ్రులు 1941లో గాని రాలేకపోయారు. ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1953లో ఆర్కిటెక్చర్ పూర్తి చేశారు. అక్కడ ఆ విభాగానికి అధిపతి మీస్ వాన్ డెర్ రో. ఆయన కూడా జర్మనీ విడిచి 1938లో షికాగో వచ్చినవారే. ఫ్రీడ్ కొంతకాలం మీస్ ఆఫీసులో పనిచేసి, 1956లో ఐ.ఎం. పెయ్ ఆఫీసులో చేరారు. పెయ్ 1935లో చైనా నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇంటి దారి మూసుకుపోవడంతో ఉండిపోయి, 1954లో అమెరికా పౌరుడైన మనిషి. ఒక వలసదారుడి దగ్గర చదివి, మరో వలసదారుడి ఆఫీసులో చేరిన ఫ్రీడ్ 2005లో మరణించేదాకా ఆ ఒక్క ఆఫీసులోనే ఉన్నారు. దాదాపు యాభై ఏళ్ళు. ఆయన పేరు ఆఫీసు పేరులో చేరింది 1989లో, అంటే చేరిన ముప్పైమూడేళ్ళకు.

ఆ ముప్పైమూడేళ్ళ లెక్క చూసి భయపడకండి. ఆ మధ్యలో ఆయన ఎన్నో పనులు చేశారు, తాను చదివిన స్కూలుకే 1975 నుంచి 1978 వరకు డీన్‌గా ఉన్నారు. నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రజాభవనం నమ్మకం మీద వస్తుంది, నమ్మకం నిలకడ మీద వస్తుంది. రెండేళ్ళకోసారి ఆఫీసు మారితే జీతం పెరుగుతుంది, కానీ మ్యూజియం మొదటి గీత నుంచి తలుపులు తెరిచే రోజు వరకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఆ భవనం ఎలా పుట్టిందో ఎప్పటికీ నేర్చుకోలేరు.

ఫ్రీడ్ చేసిన మొదటి మహా ప్రదర్శనశాల న్యూయార్కులోని జేకబ్ జావిట్స్ సమావేశ కేంద్రం. 34వ వీధి నుంచి 39వ వీధి దాకా పరుచుకున్న ఆ భవనం మొత్తాన్ని ఉక్కు గొట్టాలు, వాటిని కలిపే ముడులతో అల్లిన చట్రం మోస్తుంది, పైన అద్దం. ముందు భాగంలోని మహా మంటపం దాదాపు 150 అడుగుల ఎత్తు. 19వ శతాబ్దపు లండన్ స్ఫటిక భవనం, అంటే క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల ప్రదర్శనశాల, దాని స్ఫూర్తి. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా మీస్ 1953–54లో షికాగోకు గీసిన సమావేశ మందిరం గుర్తొస్తుంది. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 720 అడుగుల పైకప్పు. అది కాగితం దాటలేదు. ఫ్రీడ్ డిగ్రీ పుచ్చుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. జావిట్స్ పని సాఫీగా సాగలేదు. చట్రంలోని పోత ఉక్కు ముడుల్లో పగుళ్ళు కనిపించడంతో తెరవడం రెండేళ్ళు ఆలస్యమై, 1986లో తెరుచుకుంది. పగటిపూట ఆ అద్దం ఎండను తిప్పికొట్టి బయటివాళ్ళకు నల్లని కొండలా కనిపించేది. పక్షులు కొట్టుకుని చనిపోయేవి. తర్వాత 2014 నాటికి పూర్తయిన మరమ్మతుల్లో ఆ అద్దాలు తీసేసి, చుక్కలు అచ్చువేసిన తేట అద్దాలు పెట్టారు, పైకప్పు మీద దాదాపు ఏడెకరాల పచ్చిక పెంచారు. ఇప్పుడు అక్కడ పక్షులు గూళ్ళు పెడుతున్నాయి. మంచి ఆర్కిటెక్టు తప్పు కూడా మనకు పాఠ్యగ్రంథమే. అద్దం ఎంచుకునే ప్రతిసారీ నాకు ఆ పక్షులు గుర్తొస్తాయి.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. మా నాన్నగారిది టెంట్ హౌస్. షామియానాలు, వెదురు బొంగులు, సరుగుడు కర్రలు, రేకులు, తాళ్ళు. ప్రతి డిసెంబరులో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, నుమాయిష్ కోసం స్టాళ్ళు వేసే పని ఉండేది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఒక ఊరు లేచి మాయమయ్యేది. 1938లో మొదలైన ఆ ప్రదర్శనను హైదరాబాదులో చూడని ఇల్లుండదు. నేను మాత్రం దాన్ని వెనకవైపు నుంచి చూశాను. నాన్న ముందు లారీ తిరిగే దారి గీసేవారు, తర్వాత కరెంటు తీగ వెళ్ళే దారి, చివరికి స్టాళ్ళు. సందు ఎంత వెడల్పు ఉండాలో టేపుతో కొలిచేవారు కాదు. ఒక మనిషి ఆగి గాజులు చూస్తుంటే, బిడ్డను ఎత్తుకున్న ఇంకో మనిషి వెనక నుంచి తగలకుండా వెళ్ళగలగాలి అనేవారు.

నా మొదటి ఆఫీసులో నాకు మ్యూజియం పని రాలేదు. ఎవరైనా మన గుడి కట్టించుకోవడానికి వస్తే నన్ను పిలిచేవారు. ఏ భవనం అయినా సరే, దానికి ఒక భారతీయ జాలీ, అంటే చిల్లుల తెర, గీసి ఇమ్మనేవారు. గుడి పని చిన్నదని నేను అనను. శిల్ప శాస్త్రం తెలిసిన స్థపతి పక్కన కూర్చుని కొలతలు రాసుకున్న ఆ నెలలు నాకు ఎంతో ఇచ్చాయి. కానీ నేనంటే ఒక నగిషీ మాత్రమే అన్నట్టు చూసినప్పుడు బాధ కలిగేది. రెండో ఆఫీసులో ఒక సమావేశ కేంద్రం విస్తరణలో నాకు ఇచ్చింది వెనకవైపు: లారీలు వచ్చి సరుకు దించే రేవు. అందరూ తప్పించుకున్న పని. అక్కడ నాన్న దగ్గర చూసిందంతా ఒక్కసారిగా లేచి వచ్చింది.

ప్రదర్శనశాల ప్రాణం దాని వెనకవైపే ఉంటుంది. ఒక ప్రదర్శన తీసేసి ఇంకొకటి వేయడానికి దొరికేది ఒకటి రెండు రోజులు. 53 అడుగుల ట్రైలర్ లారీలు వరుసగా వస్తాయి. నేల కింద ప్రతి 30 అడుగులకు ఒక గుంట ఉంటుంది, అందులో కరెంటు, నీళ్ళు, ఒత్తిడి గాలి, ఇంటర్నెట్ తీగలు. ముప్పై అడుగులే ఎందుకని నేను ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. స్టాలు 10 అడుగులకు 10 అడుగులు. వీపులు కలిపి రెండు వరుసలు పెడితే 20, మధ్య నడిచే సందు 10. అందుకే పైకప్పు స్తంభాల దూరం కూడా తరచు 90 అడుగులు, లేదా ముప్పైతో భాగించబడే ఏదో ఒక అంకె. నాన్న బొంగులు పాతే దూరాన్ని కూడా స్టాలే నిర్ణయించేది. ఆ పనిలో నేను లారీ మలుపులు తిరిగి గీసి, జనం దారీ సరుకు దారీ ఎక్కడా కలవకుండా చూపించినప్పుడు, నాకు పైవాడైన ఆర్కిటెక్టు ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. నాంపల్లిలో అన్నాను. ఆ తర్వాత ఎవరూ నన్ను జాలీ గీయమనలేదు.

2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు చెలరేగి వందల స్టాళ్ళు కాలిపోయాయి. నాన్న అప్పటికే పని మానేశారు, అయినా ఆ రాత్రంతా ఫోనులో మాట్లాడుతూనే ఉన్నారు. అదృష్టం, ప్రాణాలు పోలేదు. అమెరికా భవన నిబంధనల్లో నిలబడే జనానికి మనిషికి 5 చదరపు అడుగులని, కుర్చీలు వేస్తే 7 అని, మ్యూజియం గదిలో 30 అని లెక్క వేసి, దాన్నిబట్టి తలుపుల వెడల్పు తేలుస్తాం. ఆ అంకెలను అంతకుముందు నేను పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ రాత్రి తర్వాత ఆ అంకె ప్రతిదీ నాకు గాజుల అంగడి ముందు నిలబడ్డ ఒక మనిషిలా కనిపించడం మొదలైంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. వాళ్ళ జ్ఞాపకానికి మనం ఎలా కడతాం?

వాషింగ్టన్‌లో అమెరికా ప్రభుత్వ హోలోకాస్ట్ స్మారక మ్యూజియం ఉంది. అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపిన చరిత్రకు సంబంధించినది. అంతకుముందు వచ్చిన డిజైను అంగీకారం కాక, 1986లో ఆ పని ఫ్రీడ్ చేతికి వచ్చింది. ఆ మంటలు చూసి పారిపోయి వచ్చిన పిల్లవాడు కాబట్టి ఆయనకు అంతా ముందే తెలుసనుకుంటాం. కానీ ఆయన అలా అనుకోలేదు. గీయడం సాగక, 1986 అక్టోబరులో పోలండుకు వెళ్ళి ఆష్విట్జ్ వంటి నాజీ మృత్యు శిబిరాలను స్వయంగా చూసి వచ్చారు. గోడలు ఎలా కట్టారు, ఇటుకకు ఇనుము ఎలా తగిలించారు, కాపలా బురుజులు ఎలా ఉన్నాయి, ఇవన్నీ గమనించారు. తిరిగి వచ్చాక వాటిని బొమ్మల్లా దించలేదు, కట్టడంలోనే ఇమిడ్చారు.

14వ వీధి వైపు సున్నపురాయి ముఖద్వారం పక్కనున్న ప్రభుత్వ కార్యాలయాల్లాగే గంభీరంగా ఉంటుంది. దాని గుండా నడిస్తే వెనక పైకప్పు ఉండదు, ఆకాశం ఉంటుంది. అది ముఖం మాత్రమే. లోపల సాక్షుల మంటపం. ఇటుక గోడలు, వాటికి అడ్డంగా ఉక్కు పట్టీలు, పైన మెలి తిరిగినట్టున్న ఉక్కు దూలాల మధ్య అద్దపు కప్పు. మెట్లు పైకి వెళ్ళేకొద్దీ సన్నబడతాయి. సందర్శకులను ఇనుప లిఫ్టులో నాలుగో అంతస్తుకు తీసుకువెళతారు. ప్రదర్శన అక్కడ మొదలై కిందికి దిగుతుంది. మధ్యలో దాటే అద్దపు వంతెనల మీద తుడిచిపెట్టుకుపోయిన ఊళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. ప్రజలకు 1993 ఏప్రిల్‌లో తెరిచారు.

ఫ్రీడ్‌కు వలస ఇచ్చింది ఒక శైలి కాదు. అది ఉంటే ఆయన మొదటి భవనం నుంచే కనిపించేది. ఆయన మోసుకొచ్చింది ముప్పై ఏళ్ళు ఉక్కు చట్రాల్లో, కాంక్రీటు ఇళ్ళల్లో నోరు విప్పలేదు. అవసరం వచ్చిన రోజున, వెళ్ళి మళ్ళీ చూసి వచ్చాక, ఇటుకకు ఇనుము కట్టే తీరులో బయటికి వచ్చింది. పెయ్‌ది కూడా అంతే. 1946లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఆయన గీసింది షాంఘైకి ఒక చైనా కళల మ్యూజియం. దానిపై వంపు తిరిగిన చూరులు లేవు. ఖాళీ గోడలూ, వాటి మధ్య తోటలూ ఉన్నాయి. అలాంటి మ్యూజియాన్ని తన పూర్వీకుల ఊరు సుజౌలో నిజంగా తెరవడానికి ఆయనకు మరో అరవై ఏళ్ళు పట్టింది, 2006లో. మధ్యలో వాషింగ్టన్ జాతీయ చిత్రశాల తూర్పు భవనం, పారిస్ లూవ్ర్ పిరమిడ్ ఉన్నాయి. వాటిలో ఎక్కడా చైనా బొమ్మ కోసం వెతకాల్సిన పని లేదు.

అందుకే మీ పోర్ట్‌ఫోలియోలో కలంకారీ అంచులు, గోపురం గీతలు పెట్టమని ఎవరు చెప్పినా వినకండి. బదులుగా మీ ఇంట్లోనో, వీధిలోనో చేతులతో చేసే పని ఏదైనా దగ్గరగా చూసి ఉంటే, అది ఎలా జరుగుతుందో కొలతలతో సహా గీసి పెట్టండి. చేపల సంత కావచ్చు, పెళ్ళి పందిరి కావచ్చు, ఇటుక బట్టీ కావచ్చు. నేను ఇప్పుడు కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు వెతికేది అదే.

2015లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళను వాషింగ్టన్ తీసుకువెళ్ళాను. అమ్మ అలసిపోయి బయట కూర్చుంది. నాన్న నాతో లోపలికి వచ్చారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆ చరిత్ర పేరుకు మాత్రమే తెలుసు. టెంట్ హౌస్ పెట్టకముందు, పెళ్ళి కాని రోజుల్లో, ఆయన సనత్‌నగర్‌లో ఒక ఫౌండ్రీలో పనిచేశారు. సాక్షుల మంటపంలో ఇటుక గోడ దగ్గర ఆగి, ఉక్కు పట్టీ మీద వేలు పెట్టి, అది గోడలోకి ఎలా వెళ్ళిందో చూశారు. నేనింకా ఏమీ చెప్పలేదు.

"ఇది కొలిమి గోడ కదా" అన్నారు. "లోపల వేడికి ఇటుక ఉబ్బి విడిపోకుండా ఇలా ఇనుము కడతాం. ఇక్కడ ఏం కాల్చారు?"

చెప్పాను. ఆయన చెయ్యి తీసేశారు. ఆ తర్వాత రెండు గంటలూ ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక, అమ్మకు మంచినీళ్ళ సీసా అందిస్తూ, "కట్టినాయన అక్కడ ఉన్నాడా?" అన్నారు.

"లేదు నాన్నా. చిన్నప్పుడే ఆ దేశం నుంచి తప్పించుకుని వచ్చారు. యాభై ఆరో ఏట వెళ్ళి, చూసి వచ్చి కట్టారు."

నాన్న సీసా మూత బిగించి నా చేతికిచ్చి, ఆ గోడను ఇంకోసారి చూసి వస్తానని మళ్ళీ లోపలికి వెళ్ళారు.